అభ్యర్థనలు, ఉత్తరాలు, ఆకరాలు: మెతుకుసీమ నేపథ్యంలో తెలుగు పరిశోధక సహకార చరిత్ర

పరిశోధన చరిత్రను గ్రంథాల చరిత్రగా, గ్రంథకర్తల చరిత్రగా చెప్పడం అలవాటైపోయింది. ఏ గ్రంథం ఏ సంవత్సరంలో వెలువడింది, దాని కర్త ఎవరు, అందులోని ప్రతిపాదన ఏమిటి అన్న ప్రశ్నలకు సాహిత్య చరిత్రల్లో జవాబులు దొరుకుతాయి. ఆ గ్రంథానికి కావలసిన తాళపత్రం ఎవరి అటక మీది నుంచి దిగింది, శాసనం నకలు ఎవరు తీసి పంపారు, నిఘంటువులో లేని మాటకు అర్థం ఏ రైతు చెప్పాడు అన్న ప్రశ్నలకు మాత్రం పీఠిక చివరి కృతజ్ఞతల్లో ఒకటి రెండు వాక్యాలే దొరుకుతాయి, అవి కూడా అన్ని గ్రంథాల్లోనూ ఉండవు. పరిశోధకుడు తోటివారిని సాయం అడిగిన తీరుకూ, ఆ అడగడం ఎంతవరకు చేరిందన్న దానికీ ఒక చరిత్ర ఉంది. తెలంగాణలో ఆ చరిత్రకు ప్రత్యేకమైన కారణాలున్నాయి. వాటిని మెదక్ పట్టణం, దాని చుట్టుపక్కల నేల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మెదక్ పేరు చెప్పగానే 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన చర్చి, దాని రాతి శిఖరం గుర్తుకు వస్తాయి. సాహిత్య విద్యార్థికి గుర్తుకు రావలసినవి మరికొన్ని ఉన్నాయి. రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఇంటిపేరులోని కొలిచెలమను మెదక్‌కు సమీపంలోని కొల్చారంగా పండితులు గుర్తించారు. ఉమ్మడి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు అచ్చతెలుగులో తొలి కావ్యంగా పేరొందిన యయాతిచరిత్రను అంకితం పుచ్చుకున్న అమీన్‌ఖానుడి నివాసస్థలం. ఆ కావ్యకర్త పొన్నికంటి తెలగన ఇబ్రహీం కుతుబ్‌షా పాలనాకాలానికి చెందినవాడు. 1930 మార్చిలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన జోగిపేట కూడా ఈ సీమలోనిదే. సామగ్రి లేకపోవడం ఈ ప్రాంతపు సమస్య కాదు. ఆ సామగ్రి ఉందో లేదో అడిగినవారు చాలాకాలం లేకపోవడమే సమస్య.

అడగని నేల

పందొమ్మిదో శతాబ్దిలో భాషా సామగ్రి సేకరణకు ఒక స్థిరమైన పద్ధతి ఏర్పడింది. కేంద్రంలో ఉన్న పండితుడు ఒక ప్రశ్నపత్రం తయారుచేసి దూరప్రాంతాలకు పంపుతాడు, అక్కడివారు నింపి తిరిగి పంపుతారు. హెచ్. హెచ్. విల్సన్ రెవిన్యూ, న్యాయ పదాల కోశం ఈ విధంగానే మొదలైంది. ఖాళీలు వదిలి అచ్చువేసిన ముసాయిదా కోశాన్ని కంపెనీ అధికారులకు పంపి, తమతమ జిల్లాల్లో వాడుకలో ఉన్న మాటలతో నింపమని కోరారు. చాలామంది పట్టించుకోలేదు. విల్సన్ ఆశించినంత సామగ్రి తిరిగి రాలేదు. చివరకు కోశం 1855లో వెలువడింది. ఇంగ్లండులో జేమ్స్ మరే 1879లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం పాఠకులకు విజ్ఞప్తి చేసినప్పుడు పరిస్థితి వేరు. అక్కడ కోరినది అధికారులను కాదు, చదివే అలవాటున్న సామాన్యులను. చీటీలు వెల్లువగా వచ్చాయి. ఉద్యోగధర్మంగా అడిగితే రాని సాయం ఇష్టంగా చేసేవారిని అడిగితే వచ్చిందన్నది ఈ రెండు ఉదాహరణల్లో కనిపించే తేడా.

తెలుగులో బ్రౌన్ ఈ రెంటికీ మధ్య మార్గం తొక్కాడు. కడపలోనూ మచిలీపట్నంలోనూ జీతమిచ్చి పండితులను నియమించుకుని, ఊరూరి నుంచి వ్రాతప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి పరిష్కరింపజేశాడు. జూలూరి అప్పయ్య వంటి పండితుల పేర్లు నేటికీ తెలిసి ఉన్నాయంటే బ్రౌన్ తన సహాయకులను పేరుపెట్టి చెప్పడమే కారణం. అయితే బ్రౌన్ చేయి చాచగలిగినది కంపెనీ పాలనలోని జిల్లాలకే.

నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల లోటు స్పష్టంగా కనిపించేది గ్రియర్సన్ భారతీయ భాషా పర్యవేక్షణలో. 1894లో మొదలైన ఆ బృహత్కార్యంలో ప్రతి జిల్లా అధికారికీ ఒక బైబిలు కథను పంపి, స్థానిక భాషలోకి తిరగరాయించి పంపమని కోరారు. ఆ పర్యవేక్షణ మద్రాసు రాజధానికీ, హైదరాబాదు, మైసూరు సంస్థానాలకూ విస్తరించలేదు. అంటే తెలుగు మాట్లాడే నేలలో అత్యధిక భాగాన్ని ఎవరూ అడగలేదు. ద్రావిడ భాషల మీద 1906లో వెలువడిన నాలుగో సంపుటంలో తెలుగు మాండలికాలుగా కనిపించేవి కోంటావు, సాలెవారి, గోలరి, బేరడి, వడరి, కామాఠి, దాసరి వంటివి. ఇవన్నీ తెలుగు నేలకు వెలుపల, ప్రధానంగా బొంబాయి రాజధాని, మధ్యపరగణాల ప్రాంతాల్లో నమోదైన వాడుకలు. వీటిలో కామాఠీల సంగతి ప్రత్యేకంగా ఆలోచించదగినది. వీరు నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి కూలికోసం, కట్టడపు పనులకోసం పడమటికి వలసవెళ్లినవారు. స్వగ్రామంలో ఉన్నంతకాలం వారి మాటను ఏ పండితుడూ కాగితం మీద పెట్టలేదు. బ్రిటిష్ ఇండియాలో అడుగుపెట్టాక అది భాషాశాస్త్ర సామగ్రి అయింది. తెలంగాణ తెలుగుకు ఆధునిక భాషాశాస్త్రంతో తొలి పరిచయం వలసకూలీ నోటి ద్వారా కలిగిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

పత్రిక ద్వారా పిలుపు

రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో తెలుగు పరిశోధనకు ప్రభుత్వ ఆదరణను ఆశించడానికి వీలులేకపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా 1918లో ఉర్దూ మాధ్యమంగానే ఏర్పడింది. అందువల్ల ఇక్కడ పరిశోధక సహకారం గ్రంథాలయం, సంఘం, పత్రిక అనే మూడు స్థానాల్లో పెరిగింది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలిశాయి. రెంటి వెనుకా కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నారు. ఆంధ్ర విజ్ఞానసర్వస్వం ఒక్కరు రాయగల గ్రంథం కాదని గ్రహించి, వేర్వేరు శాస్త్రాలు తెలిసినవారి చేత రాయించే పద్ధతిని ఆయన తెలుగులో నెలకొల్పారు. 1921లో ఆంధ్రజన సంఘం ఏర్పడిన తరువాత తాళపత్రాలు, శాసనాలు సేకరించడానికి ఒక పరిశోధక మండలి ఏర్పడింది. 1923లో కొమర్రాజు కన్నుమూశాక దానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అనే పేరు స్థిరపడింది. ఆదిరాజు వీరభద్రరావు దాని బాధ్యతలు మోశారు. శేషాద్రిరమణ కవులు ఊళ్లు తిరిగి సామగ్రి సేకరించారు. మండలి కృషి ఫలితంగా తెలంగాణా శాసనములు మొదటి సంపుటం 1935లో అచ్చయింది. రెండోది వెలువడడానికి 1960 వరకు ఆగవలసి వచ్చింది.

ఆ పాతికేళ్ల వ్యవధిని కేవలం నిధుల లోటుగా చూడడం సరికాదు. శాసన సేకరణలో పని జరిగే తీరును గమనిస్తే ఆలస్యానికి అసలు కారణం కొంత తెలుస్తుంది. నిపుణుడు స్వయంగా వెళ్లినచోట తడి కాగితాన్ని రాతి మీద పరచి, కుంచెతో కొట్టి, మసి అద్ది అచ్చు తీస్తాడు. వెళ్లలేనిచోట ఊరి ఉపాధ్యాయుడో, పట్వారీయో కంటితో చూసి రాసి పంపిన నకలే ఆధారం. పాత లిపిలో పకారానికీ వకారానికీ తేడా పోల్చుకోలేని నకలు ఒక వ్యక్తి పేరునో, ఊరి పేరునో మార్చేయగలదు. మళ్లీ ఉత్తరం రాయాలి, మళ్లీ రాయి దగ్గరకు వెళ్లమని కోరాలి. ఆ ఊరికి వెళ్లినవారు తీరా బదిలీ అయిపోయి ఉంటారు. సహకారం అందిందన్నంత మాత్రాన పని పూర్తి కాలేదు. అందిన సహకారాన్ని సరిచూసుకోవడంలోనే సగం కాలం గడిచిపోయేది.

ఈ వ్యవస్థలో పత్రిక పాత్ర ప్రధానమైనది. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రికలు, 1926 మే 10న హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక ప్రారంభమయ్యాయి. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది. వారానికి రెండుసార్లు వెలువడే గోలకొండ ఆ తపాలా సంచిలో తాలూకా కేంద్రాలకు చేరేది. గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వులతో పదిమంది ఒకచోట గుమిగూడడానికే అనుమతి కావలసివచ్చిన కాలంలో, పదిమందిని ఒకేసారి అడగడానికి మిగిలిన సాధనం పత్రికే.

నిజాం రాష్ట్రంలో ఆంధ్ర కవులు లేరనే అర్థం వచ్చేటట్టు ముడుంబ వెంకటరాఘవాచార్యులు ఒక వ్యాసంలో రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ఆ సాధనాన్నే ప్రయోగించారు. ఖండన వ్యాసం రాసి ఊరుకోలేదు. కవులు తమ వివరాలూ పద్యాలూ పంపవలసిందిగా పత్రిక ద్వారా కోరారు. 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక 1934లో వెలువడింది. ఈ సంఘటనను తెలంగాణ ఆత్మగౌరవ ప్రకటనగా అనేకులు వివరించారు. అది నిజమే. పరిశోధన పద్ధతి దృష్టితో చూస్తే మరో ప్రాముఖ్యం ఉంది. ఒక ప్రాంతంలో సాహిత్యం ఉందా లేదా అనే ప్రశ్నకు అభిప్రాయంతో కాక, అభ్యర్థన ద్వారా సేకరించిన సామగ్రితో సమాధానం చెప్పిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. ‘లేరు’ అన్నవారి వద్ద ఉన్నది తమకు తెలియదనే ఆధారం మాత్రమే. సురవరం వద్ద తపాలాలో వచ్చిన కాగితాలు ఉన్నాయి.

అయితే ఆ కాగితాలు ఎవరు పంపగలరన్న ప్రశ్నను కూడా వేయవలసి ఉంది. పత్రిక అందాలి, చదవడం రావాలి, పద్యం రాసేవారు మాత్రమే కవులన్న లెక్కలో తానూ ఇముడుతానని పంపేవాడికి తోచాలి. ఈ మూడూ కలిసినవారే సంచికలో చోటుచేసుకున్నారు. మెదక్ పల్లెల్లో రాత్రంతా కథ చెప్పే ఒగ్గు కళాకారుడు, చిందు భాగవతుడు, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాట కట్టే స్త్రీ ఆ అభ్యర్థన పరిధిలోకి రాలేదు. వారికి ఆ పిలుపు వినిపించలేదు. వినిపించినా అది తమను ఉద్దేశించిందని వారు అనుకునే అవకాశం తక్కువ. సంచిక ఘనతను ఈ మాట తగ్గించదు. జానపద వాఙ్మయాన్ని చిన్నచూపు చూసిన వ్యక్తి కాదు సురవరం. ఆయన తరువాతి రచనలే అందుకు సాక్ష్యం. సాయం కోరే సాధనానికి ఉన్న పరిధే వచ్చే సామగ్రికీ పరిధి అవుతుందని మాత్రమే దీని వల్ల తేలుతుంది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యము 1958లో అచ్చయ్యేనాటికి పరిశోధకుడు ఉత్తరం కోసం ఎదురుచూడడం మాని పాడేవారి దగ్గరకే వెళ్లవలసివచ్చింది.

‘క్రీడావిశేషము’ అనే ఖాళీ

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం మరో రకం లోటును ఎదుర్కొన్నారు. క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాల్లో ఆటలు, తిండ్లు, నగలు, పనిముట్లు కుప్పలుగా కనిపిస్తాయి. నిఘంటువు తెరిస్తే ‘క్రీడావిశేషము’, ‘భక్ష్యవిశేషము’ అని ఉంటుంది. అది అర్థం కాదు, అర్థం తెలియదని మర్యాదగా చెప్పే పద్ధతి. నిఘంటుకారులు కావ్యం నుంచి కావ్యానికి వెళ్లారు, కావ్యం నుంచి ఊరికి వెళ్లలేదు. సురవరం ఆ ఖాళీలను వేలుపెట్టి చూపారు, తనకు తెలియనిచోట తెలియదని రాశారు. పరిశోధక గ్రంథంలో తెలియదని ఒప్పుకోవడం బలహీనతగా భావించే వారు నేటికీ ఉన్నారు. నిజానికి తెలియదని అచ్చులో చెప్పడమే అత్యంత బలమైన సహాయాభ్యర్థన. చదివినవారిలో ఎవరికైనా తెలిస్తే ఆ వాక్యం దగ్గర ఆగుతారు.

ఆ ఖాళీలను పూరించే పనిని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ క్రమబద్ధం చేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. వీటి నడుమ 1968లో బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదకోశం వచ్చింది. తెలుగు నేలను ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా విభజించుకోవడానికి ఆధారం కావ్యభాష కాదు, రైతులూ నేతగాళ్లూ వాడే మాటలు. గ్రియర్సన్ పర్యవేక్షణ అడగకుండా వదిలిన ఊళ్లను అరవై ఏళ్ల తరువాత తెలుగువారే అడిగారు.

మెదక్ వంటి ప్రాంతంలో ఈ అడగడం ఎందుకు అవసరమో నీటిపారుదల పదాలు చూస్తే తెలుస్తుంది. మంజీర మీద ఘనపురం ఆనకట్ట కింది కాలువలకు మహబూబ్ నహర్, ఫతే నహర్ అని పేర్లు. ఆనకట్ట తెలుగు, నహర్ పారసీకం ద్వారా వచ్చిన అరబ్బీ మాట. చెరువు కింద వానకాలపు వరి ఆబి, వేసంగి వరి తాబి. మొదటిదానిలో నీరు, రెండోదానిలో వేడి అనే అర్థాల పారసీక ధాతువులున్నాయి. చెరువు నిండి పొర్లేచోటు మత్తడి, నీటి అడుగున మునిగే భూమి శిఖం, తూము తెరిచి మళ్లకు నీరు పంచేవాడు నీరటి. ఒకే రైతు ఒకే పూటలో ఈ మాటలన్నీ వాడతాడు. రెవిన్యూ దఫ్తరు నుంచి వచ్చినదేదో, తాతముత్తాతల నుంచి వచ్చినదేదో అతనికి విడదీయవలసిన పని లేదు. పరిశోధకుడికి ఉంది. 1956 పునర్విభజనలో బీదరు జిల్లా నుంచి జహీరాబాదు, నారాయణఖేడ్ తాలూకాలు, న్యాల్‌కల్ సర్కిలు మెదక్ జిల్లాలో చేరడంతో కన్నడం, మరాఠీ కలిసిన వాడుక కూడా ఇదే జిల్లా లెక్కలోకి వచ్చింది. అందువల్ల కోశంలో ఒక మాటకు ఎదురుగా జిల్లా పేరు సూచించినంత మాత్రాన ఆ మాట జిల్లా అంతటా ఉందని భావించడం ప్రమాదం. మెదక్ పట్టణానికి తూర్పున చెల్లే మాట పడమట జహీరాబాదులో చెల్లకపోవచ్చు. 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయాక పాత సూచనలను మరింత జాగ్రత్తగా చదవవలసి ఉంది.

ఊరి పేరును గురించిన ప్రశ్నల్లోనూ స్థానిక సాయం లేకుండా అడుగు పడదు. కొలిచెలమ, కోలాచలం, కొల్చారం అన్న రూపాల సంబంధాన్ని సంస్కృత వ్యాఖ్యానాల గద్యభాగాలు మాత్రమే తేల్చలేవు. ఇంటిపేరు మనిషితోపాటు కదులుతుంది. ఆధునిక కాలంలో బళ్లారి నాటకకర్త కోలాచలం శ్రీనివాసరావు ఇంటిపేరు కూడా ఆ కదలికకు ఉదాహరణ. ఊరు కదలదు. ఇంటిపేరులోని ఊరు నేలమీది ఈ ఊరేనని చెప్పాలంటే గ్రామంలోని గుడి, శాసనాలు, పొలాల పేర్లు చూసి రావాలి. మెతుకు పండే నేల కనుక మెతుకుసీమ అన్న వివరణ వినసొంపుగా ఉన్నా, పాత శాసన రూపాలతో పోల్చి నిరూపించేవరకు దానిని జనశ్రుతిగానే పరిగణించడం శాస్త్రీయం.

అడిగే ప్రశ్న మారిన తీరు

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైంది. ఆంధ్రభారతి వంటి వేదికల్లో పాత నిఘంటువులను ఒకేచోట వెతికే వీలు కలిగింది. బ్రౌన్‌కు ఏళ్లు పట్టిన పాఠసేకరణలో కొంత భాగం నేడు ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. మెదక్‌లో కూర్చున్న విద్యార్థి మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారంలోని ప్రతి గురించి అమెరికాలోని తెలుగు ఆచార్యుడిని అడగగలడు, జవాబు తెల్లవారేలోపు అందుతుంది. ఈ సౌకర్యం సామాన్యమైనది కాదు. పెద్ద గ్రంథాలయం అందుబాటులో లేని పట్టణాల పరిశోధకులకు అది జీవనాధారం వంటిది.

అయినా అభ్యర్థన స్వభావంలో వచ్చిన మార్పును గమనించాలి. సహపరిశోధకులను నేడు ఎక్కువగా అడిగే ప్రశ్న ‘ఈ పుస్తకం మీ దగ్గర ఉందా?’ అన్నది. లక్ష్మణరాయ మండలి, సురవరం, భద్రిరాజు అడిగిన ప్రశ్నలు వేరు: మీ ఊళ్లో ఏముంది, మీరు ఏం రాశారు, దీన్ని మీరేమంటారు? మొదటి ప్రశ్నకు జవాబు ఇదివరకే అచ్చులో ఉంది. చివరి ప్రశ్నలకు జవాబు ఒక మనిషి దగ్గర మాత్రమే ఉంది. పుస్తకాలు పంచుకోవడం పెరిగినకొద్దీ ఒకే పుస్తకాల మీద ఆధారపడిన సిద్ధాంత వ్యాసాలు పెరిగి, నిఘంటువుల్లోని ‘విశేషము’లు అలాగే మిగిలిపోతున్న స్థితి కనిపిస్తుంది. గోలకొండ కవుల సంచికకు ఉన్న పరిధి నేటి తెరకూ ఉంది. దాన్ని చూసేవారే జవాబు చెప్పగలరు.

మోట ఇందుకు దగ్గరి ఉదాహరణ. మెదక్ ప్రాంతపు వ్యవసాయంలో ఒక తరం కిందటి వరకు బావి నీటికి మోటే దిక్కు. తోలు బొక్కెన, దాని తొండం, మోకు, గిరక, ఎడ్లు నడిచే వాలు దారి, వాటిని తోలే మనిషి పాట, ప్రతిదానికీ పేరుంది. కరెంటు మోటారు వచ్చాక వస్తువు పోయింది, మాట వినేవారు పోయారు. కోశంలో చేరిన మాటలు నిలిచాయి, చేరని మాటలు నాడు మోట తోలిన వృద్ధుల దగ్గర ఉన్నాయి. వారిలో చాలామందికి ఉత్తరం అందదు, తెర మీది ప్రశ్నా అందదు. పూడిపోయిన మోటబాయి గడ్డ మీద నిలబడి, మిగిలిన రాతి దిమ్మెను చూపిస్తూ, ‘తాతా, దీన్నేమంటరు?’ అని అడిగినవారికే ఆ జవాబు దొరుకుతుంది.